మూడో అటెంప్ట్‌లో పాసైన భీమవరం డాక్టరు

బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయని దిగులు పడుతున్నారా? యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. 1895లో భీమవరంలో పుట్టిన ఈయన మద్రాసులో మెడిసిన్ చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. ఫలితం, ఎంబీబీఎస్ బదులు ఒక మెట్టు తక్కువైన ఎల్‌ఎంఎస్ పట్టా. సర్టిఫికెట్ మీద ఒక్క మనిషి కోపం ఎంత పని చేస్తుందో చూడండి.

ఈలోగా ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తనకూ అదే వస్తే ఆయుర్వేదంతో బతికి బయటపడ్డారు. 1920ల మొదట్లో మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ట్రస్టు సాయంతో బోస్టన్ చేరారు. అక్కడ పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగే పని. ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ వాళ్లు దాన్ని ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు మెథడ్ అనే అంటారు. ఇంత చేసినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. నిజమైన కథ ఇక్కడే మొదలవుతుంది. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. మన డెల్టాలో ఆరోగ్య సిబ్బంది ఎదురుగా నిలబడి మింగించే బోదకాలు మాత్ర, డీఈసీ, అక్కడి నుంచి వచ్చిందే. ఆ తర్వాత ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ తయారైంది. కణం విభజన చెందాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అది అందకపోతే వేగంగా పెరిగే క్యాన్సర్ కణమే ముందు దెబ్బతింటుంది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ మందును లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో అచ్చయిన ఫలితం: 16 మందిలో 10 మందికి మెరుగు. కానీ కొన్నాళ్లే.

ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో గుండె ఆగి చనిపోయారు. వయసు 53. భార్య శేషగిరిని మళ్లీ చూడనే లేదు. ఆ నష్టాన్ని ఏ పేటెంటు పూడుస్తుందో నాకు తెలీదు.

అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇవాళ విజయవాడ సూర్యారావుపేట మందుల షాపుల్లో కీళ్లవాతానికీ దొరుకుతుంది. సంపన్న దేశాల్లో పిల్లల లుకేమియాలో దాదాపు 90 శాతం మంది అయిదేళ్లు దాటి బతుకుతున్నారు.

అయితే క్యాన్సర్లన్నీ ఒకటి కావు. క్లోమం, అంటే పాంక్రియాస్, పొట్ట వెనకాల దాగి ఉంటుంది. అక్కడి గడ్డ మొదట్లో నొప్పి చెప్పదు. అమెరికా లెక్కల్లో అయిదేళ్లు బతికేది 13 శాతమే. గడ్డ క్లోమం దాటకముందే దొరికితే మాత్రం 44 శాతం. అందరికీ చేసే స్క్రీనింగ్ టెస్టు ఇంకా లేదు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు కామెర్లు వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఉన్నట్టుండి షుగర్ వచ్చి బరువూ తగ్గుతున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, పసరు మందుతో వారాలు గడపకండి. ఈ క్యాన్సర్‌కు ఇచ్చే ఫోల్ఫిరినాక్స్‌లో నాలుగు మందులుంటాయి. వాటిలో ఒకటి ఫోలినిక్ యాసిడ్, సుబ్బారావు బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్‌కు దగ్గరి చుట్టం.