గ్రహణికి మందు కనిపెట్టిన భీమవరం వైద్యుడు

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం విషయమై ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను, ముప్పైయేళ్లకు పైగా ఫైళ్లు తిప్పిన గుమాస్తాను. కనుక ఒక వైద్యుని జీవితం రాయడమే క్షేమమని తోచింది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. మనలో అనేకులు ఆయన మందులు మింగినవారమే గాని, ఆయన పేరు ఎరిగినవారు తక్కువ.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది తెల్లదొర అయిన ఆచార్యునికి కంటగింపైంది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. డిగ్రీకి బదులు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులోనూ చోటు దొరకలేదు. చివరకు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. అర్హత ఉండీ ప్రమోషన్ తప్పిన బాధ ఎలాంటిదో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంతలో ఆ ఇంటిని గ్రహణి పట్టి పీడించింది. ఇంగ్లీషు వైద్యులు దాన్ని స్ప్రూ అంటారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పూస్తుంది, రక్తం క్షీణిస్తుంది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో ఆ జబ్బుతోనే పోయారు. ఆయననూ అది మంచాన పడవేస్తే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యం నిలబెట్టింది. ఆ జబ్బు అంతు తేల్చాలన్న పట్టుదలతో, భార్య శేషగిరి గారిని ఇక్కడే విడిచి, మామగారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ వారి సాయంతోను 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరారు. మళ్లీ స్వదేశం రాలేకపోయారు.

అక్కడ చదువు ఖర్చులకు ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తారు. హార్వర్డులో ఫిస్క్ గారితో కలిసి, రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతిని 1925లో వెలువరించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్, ఎ.టి.పి. అనే పదార్థాలను వెలికి తీశారు. అయినా అక్కడ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలుకు 1947లో హెట్రజాన్ వచ్చింది. 2004 నుంచి దేశంలో ఇంటింటా పంచిన డి.ఇ.సి. బిళ్ల అదే. ఆనందపురంలో మా ఇంటికి కూడా ఆరోగ్య కార్యకర్త తెచ్చి, ఎదుట నిలబడి మింగించి వెళ్లింది. ఆయన పర్యవేక్షణలోనే డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1948 జూలైలో దాన్ని లోకానికి ప్రకటించారు. మరుసటి నెలలోనే, 53 ఏళ్లకే, సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు.

విశేషమేమంటే, ఉష్ణదేశాల గ్రహణికి తర్వాత కుదిరిన వైద్యం ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్, ఈ రెండూ కలిపి కొన్ని నెలలు వాడటం. సోదరులను బలిగొన్న జబ్బుకు రెండు మందులూ ఆయన ప్రయోగశాల నుంచే వచ్చాయి. విరేచనాలు తగ్గినట్లే తగ్గి, పెద్దప్రేగులో సాధువుగా ఉండే క్రిములు చిన్నప్రేగులో తిష్ఠవేయడమే దీనికి కారణమని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం.

క్రిమి ఒకచోట సాధువు, ఒకచోట క్రూరుడు ఎందుకవుతుంది? ఇది సుబ్బారావు గారి తర్వాత తెలిసిన సంగతి. కలరా క్రిమి తీరప్రాంతపు నీటిలో చిన్న చిన్న జలచరాలను అంటుకొని నెమ్మదిగా బతుకుతుంది. మన ప్రేగులోకి చేరి, పైత్యరసం వగైరా ఆనవాళ్లు తగిలాకే విషం తయారుచేసే మీట నొక్కుతుంది. ఆ విషం ఉందని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే గారు నిరూపించారు. పిల్లల గొంతు పట్టే కోరింతదగ్గు క్రిమి ఒంటి వేడి తగిలితే విషం విడుస్తుంది, చల్లగా ఉంటే ఊరుకుంటుంది. విషం చేయడానికి క్రిమికీ ఖర్చు అవుతుంది. అందుకే ఆఫీసరు సీట్లో ఉన్నదీ లేనిదీ చూసుకొని ఫైలు తెరిచే గుమాస్తాలాగ, అవసరం కనిపెట్టి గాని పని మొదలుపెట్టదు.

టెట్రాసైక్లిన్ క్రిమిలో మాంసకృత్తుల తయారీని ఆపుతుంది. క్రిమి పెరగడం ఆగుతుంది. అయితే క్రిమి దీనికీ సర్దుకుంటుంది. లోపలికి వచ్చిన మందును తోడి బయట పోసే ఏర్పాటు చేసుకుంటుంది, ఆ విద్యను పక్క క్రిమికి అందిస్తుంది. 1950లలోనే జపానులో రక్తవిరేచనాల క్రిమి ఈ మందుతో సహా అనేక మందులకు లొంగకుండా పోయింది.

మా ఆనందపురం పూలమార్కెట్టు దగ్గర, చీటీ లేకుండా రెండు బిళ్లలు అడిగి తీసుకునే మన వయసు వారిని తరచు చూస్తుంటాను. విరేచనాలైతే ముందు ఓ.ఆర్.ఎస్. నీళ్లు తాగండి, డాక్టరుకు చూపించండి. యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులు వాడండి. మిగిలిన బిళ్లలు దాచి మనవలకు వేయకండి.

శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం సుబ్బారావు గారి తపాలా బిళ్ల విడుదల చేసింది. ఇంటిలో పిల్లలకు ఆయన కథ చెప్పవలసిందిగా సభ్యులను కోరుతూ ముగిస్తున్నాను.

— విశ్రాంత సీనియర్ అసిస్టెంట్, ఆనందపురం