భూమి కోసం చెరో దారి పట్టిన బావాబావమరుదులు.. తొలి భూదాత వెదిరె రామచంద్రారెడ్డి కథ ఇదీ!

నిజాం కాలంలో నారాయణఖేడ్ నుంచి నల్గొండ దాకా పల్లెల్లో భూమంతా కొద్దిమంది చేతుల్లోనే ఉండేది. అలాంటి భూస్వామి కుటుంబంలోనే 1905లో పుట్టారు వెదిరె రామచంద్రారెడ్డి. ఊరు పోచంపల్లి.

ఆయన సోదరి సీతాదేవిని పెళ్లి చేసుకున్నది ఎవరో తెలుసా? తెలంగాణ సాయుధ పోరాట నేత రావి నారాయణరెడ్డి! అంటే ఒకే ఇంట్లో ఒకరు భూస్వామి, మరొకరు భూస్వామ్యంపై ఎర్రజెండా ఎత్తిన కమ్యూనిస్టు. నారాయణరెడ్డిది కూడా భూములున్న కుటుంబమే. అయినా పేదల పక్షానే నిలబడ్డారు.

1951 నాటికి తెలంగాణ ఇంకా రగులుతూనే ఉంది. ఓవైపు దళాలు, మరోవైపు పోలీసు క్యాంపులు. మధ్యలో నలిగిపోయింది మాత్రం పల్లె జనమే. సరిగ్గా ఆ టైమ్‌లోనే గాంధీజీ శిష్యుడు వినోబా భావే కాలినడకన ఇక్కడికొచ్చారు.

ఏప్రిల్ 18న పోచంపల్లిలో అడుగుపెట్టారు. దళితవాడకు వెళ్లి ఏం కావాలని అడిగితే, బతకడానికి 80 ఎకరాలు చాలన్నారు అక్కడివాళ్లు. సర్కారుకు రాస్తానన్న వినోబా, ఊళ్లోవాళ్లే ఎవరైనా ఇవ్వగలరా అని సభలో అడిగారు. అంతే.. రామచంద్రారెడ్డి లేచి నిలబడ్డారు. అడిగింది 80 అయితే, ఆయన ఇస్తానన్నది ఏకంగా 100 ఎకరాలు!

అది అప్పటికప్పుడు పుట్టిన ఆలోచన కాదు. కొంత భూమి పేదలకు ఇవ్వాలన్నది చనిపోయిన తండ్రి కోరిక. దాన్నే తనతో పాటు అన్నదమ్ముల తరఫున కూడా నెరవేర్చారు.

ఆ ఒక్క దానంతోనే భూదానోద్యమం మొదలైంది. వినోబా ఏళ్ల తరబడి దేశమంతా నడిచారు. 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా వచ్చింది. అయితే అందులో సాగుకు పనికిరానిది, పేదల చేతికి చేరనిది కూడా చాలానే ఉంది.

మరి బావగారి సంగతి? 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి లోక్‌సభకు గెలిచారు రావి నారాయణరెడ్డి. నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు ఆయనకే పడ్డాయి! ఒకరు పోరాటంతో, ఇంకొకరు దానంతో.. ఇద్దరూ తేల్చాలనుకున్నది మాత్రం ఒకటే, దున్నేవాడికి భూమి దక్కాలన్నదే.

రామచంద్రారెడ్డి 1986లో కన్నుమూశారు. ఆయన ఊరు మాత్రం ఇవాళ్టికీ ఆ దానం పేరుతోనే ఉంది.. భూదాన్ పోచంపల్లి.