జాన్ బోన్హమ్

జాన్ హెన్రీ బోన్హమ్ (మే 31, 1948 - సెప్టెంబరు 25, 1980) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ డ్రమ్స్ వాద్యకారుడు. 1968 నుండి మరణించేవరకు లెడ్ జెప్పెలిన్ అనే రాక్ సంగీత బృందంలో సభ్యుడు. రాక్ సంగీతంలో డ్రమ్స్ వాయించినవారిలో ఇతడే అగ్రగణ్యుడని పలువురు విమర్శకుల అభిప్రాయం.

తొలి జీవితం

బోన్హమ్ వూస్టర్‌షైర్‌లోని రెడిచ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి వడ్రంగం, గృహనిర్మాణం పనులు చేసేవాడు. ఐదేళ్ళ వయసులోనే ఖాళీ డబ్బాలు ముందు పెట్టుకొని, జాజ్ వాద్యకారులైన జీన్ క్రూపా, బడ్డీ రిచ్‌లను అనుకరిస్తూ వాయించేవాడు. పదవ ఏట తల్లి ఒక స్నేర్ డ్రమ్ ఇచ్చింది. గురుముఖతః నేర్చుకున్న విద్య కాదు. 1964లో బడి విడిచి తండ్రివద్ద వడ్రంగం పనిచేస్తూనే స్థానిక బృందాలలో వాయించాడు. బ్యాండ్ ఆఫ్ జాయ్ బృందంలో ఇతడి సహచరుడైన గాయకుడు రాబర్ట్ ప్లాంట్, 1968లో గిటారు వాద్యకారుడు జిమ్మీ పేజ్‌కు ఇతడి పేరు సూచించాడు. ఆ కొత్త బృందమే లెడ్ జెప్పెలిన్.

వాదన శైలి

బోన్హమ్ పేరు చెప్పగానే శబ్దతీవ్రత గుర్తుకు రావడం సహజం. బరువైన కర్రలు, 26 అంగుళాల వ్యాసం గల బేస్ డ్రమ్ వాడేవాడు. అయితే ఆ బలం వెనుక ఉన్న లయజ్ఞానమే ముఖ్యమైనది. 1969 నాటి తొలి ఆల్బంలోని "గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్" పాటలో ఒకే కాలితో, ఒకే పెడల్‌పై త్రిశ్రగతిని పోలిన దెబ్బలను అతివేగంగా పలికించాడు. రెండు బేస్ డ్రములు వాడాడని శ్రోతలు భ్రమపడేవారు. "కాశ్మీర్" (1975) పాటలో గిటారు మూడు మాత్రల లెక్కన నడుస్తుండగా డ్రమ్స్ నిశ్చలంగా నాలుగు మాత్రలకే కట్టుబడి ఉంటాయి. తాళం వేస్తూ వింటే ఈ రెండూ విడిపోయి మళ్ళీ కలిసే చోటు తెలుస్తుంది. "మోబీ డిక్" అనే వాద్యరచనను కచేరీలలో కొన్నిసార్లు ఇరవై నిమిషాలకు పైగా సాగించేవాడు. మధ్యలో కర్రలు పక్కన పెట్టి వట్టి చేతులతో వాయించేవాడు.

"వెన్ ద లెవీ బ్రేక్స్" (1971) పాట కోసం హ్యాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో డ్రమ్స్‌ను మెట్ల కింది హాలులో ఉంచి, మైకులను పైఅంతస్తు నుండి వేలాడదీశారు. ఆ హాలు ప్రతిధ్వనితో కూడిన ఈ లయఖండాన్ని తరువాత ఎందరో హిప్-హాప్ కళాకారులు తమ పాటలలో వాడుకున్నారు.

మరణం

ఇంటికి దూరంగా సాగే సుదీర్ఘ పర్యటనలు బోన్హమ్‌కు రుచించేవి కావు. మద్యపానం అలవాటు ముదిరి, మత్తులో దురుసుగా ప్రవర్తించేవాడు. 1980 సెప్టెంబరు 24న, అమెరికా పర్యటనకు సన్నాహకంగా జరుగుతున్న సాధన సమయంలో రోజంతా విపరీతంగా మద్యం సేవించాడు. ఆ రాత్రి విండ్సర్‌లోని పేజ్ ఇంట్లో నిద్రించి, మరునాడు విగతజీవుడై కనిపించాడు. నిద్రలో వాంతి శ్వాసకు అడ్డుపడటంతో సంభవించిన ప్రమాద మరణంగా విచారణలో నిర్ధారించారు. అప్పటికి వయసు 32 సంవత్సరాలే.

వాద్యకారుడు మరణిస్తే మరొకరిని తీసుకోవడం రాక్ బృందాలలో పరిపాటి. లెడ్ జెప్పెలిన్ అలా చేయలేదు. ఇతడు లేకుండా కొనసాగలేమని తెలుపుతూ మిగిలిన ముగ్గురూ 1980 డిసెంబరు 4న ప్రకటన విడుదల చేశారు. 2007 డిసెంబరు 10న లండన్‌లో ఆ ముగ్గురూ మళ్ళీ పూర్తి కచేరీ చేసినప్పుడు, డ్రమ్స్ వాయించినది బోన్హమ్ కుమారుడు జేసన్.