మన జిల్లా కథకుడు మాస్తి

కోలారు బంగారు గనులలో స్థిరపడిన తెలుగువారమైన మాకు మాస్తి వెంకటేశ అయ్యంగారు పొరుగువారే. 1891లో మాలూరు తాలూకాలో జన్మించారు. ఇంట తమిళము, వ్రాత కన్నడము. ఇంటిలో ఒక భాష, వీధిలో మరొకటిగా బ్రతికే మాకు ఇది వింత కాదు.

మదరాసులో ఎం.ఏ. ముగించి మైసూరు ప్రభుత్వోద్యోగములో చేరారు. కొలువు చేస్తూనే 'శ్రీనివాస' అనే పేరుతో చిన్న కథలు వ్రాశారు. తొలి సంపుటము 1920లో వెలువడింది. కలము ఆగలేదు గాని పెద్ద నవల మాత్రము రాలేదు. 1943లో తమకన్న చిన్నవారికి పై పదవి ఇవ్వగా రాజీనామా చేసి వచ్చేశారు. ఆ అవమానము కన్నడమునకు లాభించిందని మా ఉద్దేశము.

1944 నుండి 'జీవన' పత్రికను 20 ఏండ్లకు పైగా నడిపారు. ఆ పని నడుమనే చెన్నబసవనాయక, పిదప 1956లో చిక్కవీర రాజేంద్ర వచ్చాయి. 1834లో ఆంగ్లేయుల వశమైన కొడగు, దాని చివరి రాజు కథ ఇది. రాజును తిట్టిపోయలేదు, వెనకేసుకు రాలేదు. రాజ్యము చేజారిపోవడము నెమ్మదిగా చూపారు. ఈ ఓర్పు, ఉద్యోగపు రోజులలో చిన్న కథలు వ్రాసి వ్రాసి అబ్బినదేమో!

అప్పటికి వారికి 65 ఏండ్లు. 1983వ సంవత్సరపు జ్ఞానపీఠము వారికి దక్కింది. 1986 జూన్ 6న, తమ పుట్టినరోజునే, కన్నుమూశారు.