అన్నా పావ్లోవా: కాలి కొసలపై నడిచిన జీవితం

మీరు కూచిపూడి తరంగం చూసే ఉంటారు. నర్తకి ఇత్తడి పళ్లెం అంచును రెండు పాదాలతో పట్టుకుని, తాళం తప్పకుండా వేదికంతా తిరుగుతుంది. చూసేవారు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఐరోపాలో బ్యాలే అనే నృత్యం ఉంది. అందులో నర్తకి గట్టి ముక్కు ఉన్న పట్టు బూట్లు తొడుక్కుని, ఒంటి బరువంతా కాలివేళ్ల కొసల మీద నిలుపుతుంది. ఆ కొసల మీదే నడుస్తుంది, తిరుగుతుంది. మన నాట్యంలో పాదం నేలను గట్టిగా తాకి పలుకుతుంది. బ్యాలేలో పాదం నేలను వదిలి వెళ్లిపోవాలని చూస్తుంది. ఈ తేడాను గుర్తుంచుకుని చదవండి.

బ్యాలే ఇటలీ రాజాస్థానాలలో పుట్టి ఫ్రాన్సులో పెరిగింది. ఫ్రాన్సు రాజు 14వ లూయీ 1661లో నృత్యం కోసం ఒక అకాడమీ స్థాపించాడు. రష్యాలో 1738లో నృత్య పాఠశాల మొదలయింది. 19వ శతాబ్ది చివరికి ఫ్రాన్సులో ఈ కళ నీరసించింది. రష్యాలో మాత్రం జార్ చక్రవర్తుల పోషణలో పచ్చగా ఉంది. అయినా అడుగుల పేర్లు ఫ్రెంచివే. తంజావూరులో పాడేవారు తమిళులైనా కృతి తెలుగులో ఉండటం మనకు తెలిసిందే కదా, అలాంటిదే ఇదీ.

ఈ పాఠం ఆ రష్యా నర్తకులలో ఒకరి గురించి. ఆమె మన దేశానికి రెండుసార్లు వచ్చింది. మన నాట్య చరిత్రలో ఆమె పేరు తరచు వినిపిస్తుంది. ఆ పేరుకు ఎంత విలువ ఇవ్వాలో పాఠం చదివాక మీరే నిర్ణయించుకోండి.

చాకిరేవు ఇంటి నుంచి

అన్నా పావ్లోవా 1881 ఫిబ్రవరి 12న సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరంలో పుట్టింది. తల్లి ల్యుబోవ్ పరుల బట్టలు ఉతికి బతికేది. తండ్రి ఎవరన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కావడంతో ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. అందుకే చిన్నతనంలో చాలాకాలం ఊరి వెలుపల లిగోవోలో అమ్మమ్మ దగ్గర పెరిగింది.

ఆమెకు ఎనిమిదీ తొమ్మిదేళ్ల వయసులో తల్లి ఆమెను మారిన్‌స్కీ నాటకశాలకు తీసుకువెళ్లింది. అక్కడ చైకోవ్‌స్కీ సంగీతంతో, మారియస్ పెటిపా కూర్చిన నృత్యంతో నిద్రపోయే రాకుమారి కథను ఆడుతున్నారు. అది 1890లో కొత్తగా వచ్చిన బ్యాలే. ఇంటికి వెళ్లేటప్పటికి పిల్ల ఒకే మాట పట్టుకుంది, తాను నర్తకి కావాలని. ఆ బడిలో చేర్చడానికి తీసుకువెళితే వయసు చాలదని, ఒళ్లు బలహీనంగా ఉందని తిప్పి పంపారు. 1891లో, పదేళ్లు నిండాక, రెండోసారి వెళితే చేర్చుకున్నారు. అది ప్రభుత్వ పాఠశాల. బస, భోజనం, చదువు అన్నీ జార్ ఖర్చు మీదే. బట్టలు ఉతికే తల్లి కూతురు అంతటి బడిలో చదవగలిగింది అందుకే.

పనికిరాని పాదాలు

ఆ కాలంలో బ్యాలే నర్తకి అంటే పొట్టిగా, బిగువుగా, బలమైన పిక్కలతో ఉండాలి. ఇటలీ నుంచి వచ్చిన పియెరీనా లెన్యాని 1893లో పీటర్స్‌బర్గ్‌లో ఒంటి కాలి మీద ఆగకుండా ముప్పై రెండు చుట్లు తిరిగి ఊరంతటినీ ఆశ్చర్యపరచింది. బడిలోని ఆడపిల్లలందరికీ అదే పిచ్చి పట్టింది. అన్నా కూడా అలాగే తిరగాలని తంటాలు పడింది. కాని ఆమె చేతులూ కాళ్లూ సన్నగా పొడుగ్గా ఉండేవి. చీలమండలు బలహీనం. పాదం మధ్య భాగం విల్లులా బాగా వంగి ఉండేది. అలాంటి పాదం చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, కాని దాని కొస మీద నిలబడటం మిగతావారి కన్నా కష్టం. తోటి పిల్లలు ఆమెను చీపురుకట్ట అని వెక్కిరించేవారట.

ఆమె గురువులలో ఒకరైన పావెల్ గెర్ట్ ఇది గమనించాడు. ఆ గిరగిర తిరుగుళ్లు దృఢమైన శరీరాలవారికి వదిలిపెట్టమన్నాడు. నీ సన్నదనం, నీ సుకుమారమే నీ బలమని నచ్చజెప్పాడు. అన్నా ఆ మాట విన్నది. విన్నదని కష్టపడటం మానలేదు. 1899లో బడి ముగించి మారిన్‌స్కీలో చేరాక కూడా ఇటలీ గురువు ఎన్రికో చెకెట్టి దగ్గర విడిగా పాఠాలు చెప్పించుకుంది. బూట్ల సంగతి కూడా ఆలోచించింది. తన వంపు పాదానికి ఆసరాగా ఉండేలా అడుగున గట్టి తోలు చేర్చి, ముక్కు దగ్గర కాస్త చదును చేసింది. అది మోసమని కొందరు గొణిగారు. ఈనాడు బ్యాలే నర్తకులు తొడిగే బూట్లు ఇంచుమించు అదే పద్ధతిలో తయారవుతున్నాయి.

1903లో జిజెల్ అనే బ్యాలేలో ఆమె ముఖ్యపాత్ర ధరించింది. ప్రేమలో మోసపోయి, మతి చలించి, చనిపోయి, నీడగా తిరిగి వచ్చే పల్లెపిల్ల కథ అది. 1906లో ఆమెకు ప్రధాన నర్తకి హోదా దక్కింది. అంతకు ముందు ఏడాది, 1905లో, రష్యాలో అలజడి చెలరేగినప్పుడు మారిన్‌స్కీ నర్తకులు కూడా తమ హక్కుల కోసం సమ్మె కట్టారు. ముందు వరుసలో ఉన్నవారిలో పావ్లోవా ఒకరు. ఈ సంగతి ఆమె జీవితకథలలో చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు.

గోల్కొండ రాజు కొలువులో

ఇక్కడ మీకొక విచిత్రం చెప్పాలి. 1902లో పావ్లోవాకు మంచి పేరు తెచ్చిన బ్యాలేలలో ఒకటి లా బాయదేర్. ఆ మాటకు అర్థం గుడిలో నాట్యమాడే స్త్రీ. పెటిపా దీన్ని 1877లో కూర్చాడు. కథ భారతదేశంలో జరుగుతుంది. నికియా ఒక దేవదాసి. ఆమె సోలార్ అనే వీరుణ్ణి ప్రేమిస్తుంది. రాజు తన కూతురు గంజాట్టిని అతనికి ఇచ్చి పెళ్లి చేయాలనుకుంటాడు. ఆ వేడుకలో నికియా నాట్యం చేస్తుండగా ఆమెకు పూలబుట్ట ఇస్తారు. పూలలో దాచిన పాము కాటువేస్తుంది. తరవాత సోలార్ కలలో తెల్లని నీడలు ఒకదాని వెనుక ఒకటి కొండవాలు దిగి వస్తాయి. ఆ వరుస బ్యాలే ప్రపంచంలో అతి అందమైన దృశ్యాలలో ఒకటి. అది చూసినవారు మరచిపోరు.

ఇంతకీ ఆ రాజు ఏ ఊరివాడనుకున్నారు? గోల్కొండ రాజు! పేరు దుగ్మంత. అలాంటి రాజు గోల్కొండను ఏలలేదని మీకు తెలుసు. కుతుబ్‌షాహీల కాలంలో కూచిపూడి భాగవతులకు వారి గ్రామాన్ని తానీషా ఇచ్చాడని మన పెద్దలు చెప్పుకునే మాట మాత్రం ఉంది. పెటిపా మన దేశానికి ఎన్నడూ రాలేదు. వజ్రాల పేరుతో గోల్కొండ ఐరోపా అంతటా వినిపించేది, ఆ పేరు అతనికి చాలింది.

నిజమైన దేవదాసీలు ఐరోపాకు వెళ్లకపోలేదు. 1838లో పుదుచ్చేరి దగ్గరి తిరువేందిపురం నుంచి ఒక నాట్యబృందం పారిస్ వెళ్లి ప్రదర్శనలిచ్చింది. పత్రికలు వారిని గురించి ఎంతో రాశాయి. అయినా బ్యాలేలోని దేవదాసి కాలి కొసల మీదే నడిచింది. వారి అడుగు ఒక్కటీ అందులోకి రాలేదు.

హంస

పావ్లోవా పేరు చెప్పగానే ప్రపంచానికి గుర్తుకు వచ్చేది హంస. మిఖాయిల్ ఫోకిన్ అనే నృత్యకారుడు 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఆమె కోసం దీన్ని కూర్చాడు. సంగీతం ఫ్రెంచి విద్వాంసుడు సేన్ సాన్స్‌ది. మొత్తం నాలుగు నిమిషాలు కూడా పట్టదు. కథ లేదు. గంతులు లేవు, ముప్పై రెండు చుట్లు లేవు. తెల్లని ఈకల దుస్తులలో నర్తకి చిన్న చిన్న అడుగులతో, కాలి కొసల మీద వణుకుతున్నట్లు వేదికపై జారుతుంది. చేతులు రెక్కలవుతాయి. రెక్క ఒకసారి ఎగరబోయి వాలిపోతుంది, మళ్లీ లేస్తుంది. చివరికి ఒక కాలు ముందుకు చాచి నేల మీద ముడుచుకుపోతుంది. ఈ నాట్యాన్ని ఆమె సుమారు నాలుగు వేల సార్లు ఆడిందని చెబుతారు.

ఇందులో ఏముందని మీరు అడగవచ్చు. 1920 తరవాతి సంవత్సరాలలో తీసిన మూగ చిత్రం ఒకటి మిగిలి ఉంది. అవకాశం దొరికితే చూడండి. కాళ్లను వదిలి మెడను, మోచేతులను చూడండి. మన అభినయంలో కళ్లు చేసే పని అక్కడ మోచేతులు చేస్తాయి. ఈనాటి నర్తకులు ఆమెకన్నా ఎత్తుగా ఎగరగలరు, ఎక్కువ చుట్లు తిరగగలరు. ఆ నాలుగు నిమిషాలలో చావును ఆమె చూపినట్లు చూపినవారు తక్కువ.

అన్నిటిలోనూ ఆమె గొప్పదని చెప్పడం సరికాదు. 1909లో ఆమె పారిస్‌లో దియాగిలేవ్ నృత్యబృందంతో ఆడింది. మరుసటి ఏడాది యువకుడైన స్ట్రావిన్‌స్కీ అగ్నిపక్షి బ్యాలేకు సంగీతం కూరిస్తే అది ఆమెకు నచ్చలేదు. ఆ పాత్రను తమారా కర్సావినా ధరించి కీర్తి పొందింది. ఆ సంగీతం ఈనాటికీ నిలిచింది. పావ్లోవా తన బృందం కోసం ఎంచుకున్న సంగీతంలో చాలా భాగం మరుగున పడింది. ఈ విషయంలో ఆమె అభిరుచిని వెనకేసుకు రావడం కష్టం.

ఊరూరా తిరిగి

మరి పావ్లోవా ప్రత్యేకత ఏమిటి? ప్రయాణం. 1912లో ఆమె లండనులో ఐవీ హౌస్ అనే ఇల్లు కొన్నది. తోట, చెరువు, చెరువులో పెంపుడు హంసలు ఉన్న ఇల్లది. కాని అక్కడ ఉన్న రోజులు తక్కువ. విక్టర్ దాంద్రే ఆమె వ్యవహారాలు చూసేవాడు. సొంత బృందంతో ఓడల మీద, రైళ్ల మీద తిరిగింది. మంచి వేదిక లేకపోయినా ఆడేది. 1919లో మెక్సికో నగరంలో ఎద్దుల పోట్లాటల మైదానంలో నాట్యం చేసింది. 1917లో పెరూ దేశపు లీమా నగరంలో ఆమెను చూసిన ఫ్రెడరిక్ ఆష్టన్ అనే పిల్లవాడు పెద్దయ్యాక ఇంగ్లాండులో గొప్ప బ్యాలే దర్శకుడయ్యాడు. 1914 తరవాత ఆమె మళ్లీ రష్యా వెళ్లలేదు.

మన దేశంలో

1922-23 చలికాలంలో పావ్లోవా జపాను, చైనా, బర్మాల మీదుగా భారతదేశం వచ్చింది. కలకత్తా, బొంబాయి నగరాలలో ఆడింది. అజంతా గుహలు చూసింది. దేవాలయాలలో నాట్యం చూడాలని ఆశపడింది. ఆమెకు చూపించగలిగినవారు దొరకలేదు.

ఎందుకు దొరకలేదో తెలుసుకోవాలి. 1890 ప్రాంతం నుంచి మద్రాసు రాష్ట్రంలో భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం సాగింది. మన కందుకూరి వీరేశలింగం గారు, రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అందులో ముందున్నారు. ఆ స్త్రీల బతుకులోని అన్యాయాన్ని తొలగించాలన్నది వారి ఉద్దేశం. కాని దానితో పాటు నాట్యం కూడా మర్యాదస్తులు పేరెత్తడానికి సిగ్గుపడే వస్తువయింది. అయినా ఆ కళ చావలేదు. క్షేత్రయ్య పదాలు, జావళీలు దేవదాసీ కుటుంబాలలో, కళావంతుల ఇళ్లలో, వారి నట్టువనార్ల దగ్గర జాగ్రత్తగానే ఉన్నాయి. దొరల విడిది నుంచి బయలుదేరిన అతిథికి ఆ ఇంటి దారి చూపేవారే కరువయ్యారు.

లండను తిరిగి వెళ్లాక ఆమెకు ఉదయ్ శంకర్ పరిచయమయ్యాడు. 1900లో ఉదయపూర్‌లో పుట్టిన ఈ బెంగాలీ యువకుడు అక్కడ చిత్రకళ చదువుతున్నాడు. నాట్యం ఎవరి దగ్గరా శాస్త్రోక్తంగా నేర్చుకోలేదు. 1923లో లండనులో ఇద్దరూ కలిసి రాధాకృష్ణుల నాట్యం చేశారు. అతను కృష్ణుడు, ఆమె రాధ. హిందూ వివాహం మీద ఒకటి, అజంతా చిత్రాల మీద ఒకటి ఆమె బృందం ప్రదర్శించింది. ఉదయ్ శంకర్ బ్యాలే నేర్చుకోవాలని ఆశపడితే, నీ దేశంలోనే నీకు కావలసినది ఉందని ఆమె వారించిందట. అతను తరవాత అల్మోరాలో నాట్యకేంద్రం పెట్టాడు, 1948లో కల్పన అనే చలనచిత్రం తీశాడు.

ఆమె రెండోసారి 1928లో వచ్చింది. బొంబాయిలో ప్రదర్శన చూసిన రుక్మిణీదేవి అరండేల్ ఆ తరవాత ఆస్ట్రేలియా వెళ్లే ఓడలో ఆమెతో కలిసి ప్రయాణించింది. స్నేహం కుదిరింది. పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర రుక్మిణీదేవి బ్యాలే నేర్చుకోసాగింది. ఆమెకు కూడా పావ్లోవా అదే సలహా ఇచ్చింది. రుక్మిణీదేవి పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర నేర్చుకుని 1935లో అడయారులో నాట్యం చేసింది. మరుసటి ఏడాది కళాక్షేత్రం స్థాపించింది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన స్త్రీ అలా వేదిక ఎక్కడం మద్రాసులో పెద్ద సంచలనం.

ఈ కథ చదివి కొందరు భారతీయ నాట్యానికి పావ్లోవా ప్రాణం పోసిందని రాస్తారు. అది పొరపాటు. ప్రాణం పోయి ఉంటే పిళ్లైగారు నేర్పగలిగేది ఏముంది? పరదేశపు గొప్ప నర్తకి మెచ్చితే తప్ప మన ఇంటి వస్తువు మనకు కనపడని రోజులవి. ఆమె మెచ్చింది, మనవారు తలుపు తెరిచారు. తరతరాలుగా ఆ దీపం కాచిన స్త్రీలకు మాత్రం వేదిక మీద చోటు తగ్గింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ పద్ధతిని నిషేధించే చట్టం వచ్చింది. వారి పిల్లలలో చాలామంది గజ్జెలు విప్పేశారు.

చివరి ప్రయాణం

1931 జనవరిలో పావ్లోవా ఫ్రాన్సు నుంచి హాలెండుకు రైలులో వెళ్లింది. దారిలో చలి పట్టి ఊపిరితిత్తుల జబ్బుగా మారింది. హేగ్ నగరంలోని హోటలు గదిలో జనవరి 23న కన్నుమూసింది. యాభై ఏళ్లు నిండటానికి ఇంకా మూడు వారాలే ఉంది. చివరి ఘడియలలో హంస దుస్తులు సిద్ధం చేయమని అడిగిందని అంటారు. అది నిజమో, అభిమానులు అల్లినదో తేల్చడం కష్టం. ఆమె అస్థికలు లండనులోని గోల్డర్స్ గ్రీన్‌లో ఉన్నాయి. ఐవీ హౌస్ అక్కడికి ఎంతో దూరం కాదు.

ఆమె పోయిన కొద్ది రోజులకే లండనులోని ఒక నాటకశాలలో తెర లేచింది. వాద్యబృందం సేన్ సాన్స్ హంసను వాయించింది. వేదిక మీద ఎవరూ లేరు. ఆమె అడుగులు పడవలసిన చోట్లలో దీపపు వెలుగు ఒక్కటే నెమ్మదిగా కదిలింది. సంగీతం ఆగేదాకా జనం లేచి నిలబడే ఉన్నారు.