ఒప్పందాలను చదివి నిలదీసిన వైన్ డెలోరియా

సెలవులకు ఇళ్లకు వెళ్లే పిల్లలకు మేము ప్రతిసారీ ఒక పని అప్పజెబుతాం. ఇంట్లో ట్రంకు పెట్టెలో దాచిన పట్టా కాగితం బయటికి తీసి, అందులో ఏముందో అమ్మానాన్నలకు చదివి వినిపించమంటాం. ఎందుకో తెలియాలంటే వైన్ డెలోరియా జూనియర్ జీవితం తెలుసుకోవాలి.

ఆయన 1933 మార్చి 26న అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రం, మార్టిన్ అనే ఊళ్లో పుట్టారు. మనం పాఠాల్లో రెడ్ ఇండియన్లని చదువుకున్న ఆదివాసుల్లో సూ తెగ వారు. తండ్రి చర్చి గురువు. మేనత్త ఎల్లా డెలోరియా తమ డకోటా భాషను, కథలను రాసిపెట్టిన పరిశోధకురాలు.

డెలోరియా కొంతకాలం సైన్యంలో ఉన్నారు. తర్వాత సైన్సు, మతశాస్త్రం చదివారు. 1964 నుంచి 1967 వరకు అమెరికా ఆదివాసీ తెగల జాతీయ సంఘానికి డైరెక్టరుగా పనిచేశారు. చిన్న తెగల తరఫున వాదించడానికి వాళ్లలోనే చట్టం చదివినవాళ్లు కావాలని అక్కడే అర్థమైంది. ముప్పై దాటాక లా కాలేజీలో చేరి, 1970లో కొలరాడో విశ్వవిద్యాలయంలో పట్టా పొందారు. చదువుతుండగానే, 1969లో, ‘కస్టర్ డైడ్ ఫర్ యువర్ సిన్స్’ పుస్తకం వెలువడింది. అందులో ప్రభుత్వాన్నే కాదు, తెగల మీద పరిశోధనలు చేసి వెళ్లిపోయే పండితులను కూడా నవ్విస్తూనే నిలదీశారు.

ఆయన వాదనకు మూలం ఒప్పందాలు. 1868లో ఫోర్ట్ లారమీ ఒప్పందం బ్లాక్ హిల్స్ కొండలను సూ ప్రజలకే ఉంచింది. అక్కడ బంగారం బయటపడింది. 1877లో ప్రభుత్వం ఆ కొండలను లాక్కుంది. అటువంటి ఒప్పందాలు పాతబడిన చరిత్ర కాదని, ఇప్పటికీ చెల్లే చట్టమని డెలోరియా వాదించారు. ఒప్పందం సర్కారు దయ కాదు, రెండు జాతులు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట. తెగలకు అంతర్జాతీయ హోదా ఉండాలని 1974లోనే పుస్తకం రాశారు.

1978లో అరిజోనా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరి, ఆదివాసీ అధ్యయనాల్లో ఆ దేశపు తొలి మాస్టర్స్ కోర్సు నెలకొల్పారు. 1990 నుంచి 2000 వరకు కొలరాడోలో బోధించారు. 1999లో మరో పండితుడితో కలిసి తెగల ఒప్పందాలను రెండు సంపుటాలుగా అచ్చు వేయించారు. 2005 నవంబర్ 13న కన్నుమూశారు. ఆ తర్వాత రెండేళ్లకు, 2007లో, ఐక్యరాజ్యసమితి ఆదివాసుల హక్కుల ప్రకటనను ఆమోదించింది.

బ్లాక్ హిల్స్‌కు పరిహారం చెల్లించాలని 1980లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సూ ప్రజలు ఆ డబ్బు ముట్టలేదు. కొండలే కావాలన్నారు.

పిల్లలూ, 1/70, పెసా, అటవీ హక్కుల చట్టం అనే పేర్లు మనందరికీ వచ్చు. లోపల ఏం రాసి ఉందో చదివినవాళ్లం ఎందరం? ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు పెట్టె తెరవండి.