సుసాన్ ఐజాక్స్

సుసాన్ ఐజాక్స్ (మే 24, 1885 - అక్టోబరు 12, 1948) ఇంగ్లాండుకు చెందిన విద్యావేత్త, మనస్తత్వ శాస్త్రవేత్త, మనోవిశ్లేషకురాలు. కేంబ్రిడ్జిలోని మాల్టింగ్ హౌస్ పాఠశాలలో చిన్నపిల్లల మాటలను, చేష్టలను నమోదు చేసి, వాటి ఆధారంగా ఈమె వ్రాసిన గ్రంథాలు శిశువిద్యపై గాఢమైన ప్రభావం చూపాయి.

బాల్యము, విద్య

ఈమె లాంకషైర్ ప్రాంతంలోని టర్టన్‌లో జన్మించింది. తండ్రి విలియం ఫెయిర్‌హర్స్ట్ పాత్రికేయుడు, మెథడిస్టు మతబోధకుడు. ఆరేళ్ళ వయసులో తల్లిని కోల్పోయింది. మతవిశ్వాసాన్ని వదలుకొన్నందుకు తండ్రి ఈమె చదువు మాన్పించాడు. కొంతకాలం ఇళ్ళలో పిల్లలకు చదువు చెప్పి, తరువాత మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చేరి 1912లో తత్వశాస్త్రంలో ప్రథమశ్రేణి పట్టా పొందింది. పిమ్మట కేంబ్రిడ్జిలో పరిశోధన చేసింది. 1922లో నేథన్ ఐజాక్స్‌ను వివాహమాడింది. ఇది ఈమెకు రెండవ వివాహం.

మాల్టింగ్ హౌస్ పాఠశాల

1924లో జెఫ్రీ పైక్ స్థాపించిన ఈ పాఠశాలకు ఐజాక్స్ 1927 వరకు నాయకత్వం వహించింది. ఇక్కడ నిర్ణీత పాఠాలు, దండనలు లేవు. పిల్లలు ప్రశ్న అడిగితే పెద్దలు వెంటనే జవాబు చెప్పక, స్వయంగా పరిశీలించి తెలుసుకొనేలా ప్రోత్సహించేవారు. పైక్ లోహాల వ్యాపారంలో నష్టపోవడంతో 1929లో పాఠశాల మూతపడింది.

పియాజేతో భేదాభిప్రాయం

1927లో స్విట్జర్లాండు శాస్త్రవేత్త జీన్ పియాజే ఈ పాఠశాలను సందర్శించాడు. యంత్రాల కార్యకారణ సంబంధం చిన్నపిల్లలకు అందదని ఆయన భావించేవాడు. ఆ సమయంలో ఆరేళ్ళు నిండని ఒక బాలుడు మూడుచక్రాల సైకిలుపై కూర్చొని వెనక్కు తొక్కుతున్నాడు. ఐజాక్స్ అడగగా, పాదాల కదలిక చక్రానికి ఎలా చేరుతుందో ఆ బాలుడు వరుసగా వివరించాడు. పరీక్షా ప్రశ్నలకు బిడ్డ ఇచ్చే జవాబుకన్నా, తనకు ఆసక్తి ఉన్న పనిలో ఉండగా పలికే మాటే వాని ఆలోచనను సరిగా తెలుపుతుందని ఐజాక్స్ వాదించింది.

రచనలు

పాఠశాల నమోదుల ఆధారంగా చిన్నపిల్లల మేధావికాసంపై 1930లో, సామాజిక వికాసంపై 1933లో గ్రంథాలు వెలువరించింది. వీటిలో పిల్లల అసలు పేర్లు వాడలేదు. పిల్లల కోపం, అసూయ, ద్వేషం వంటి భావాలను కూడా దాచలేదు. ఉర్సులా వైజ్ అనే కలంపేరుతో ఒక పత్రికలో తల్లుల, దాదుల సందేహాలకు సమాధానాలు వ్రాసింది. 1933లో లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌లో శిశువికాస విభాగానికి తొలి అధిపతి అయింది.

వ్రాతలు, పిల్లల హక్కు

పరిశోధకులు తమ గురించి ఏమి వ్రాస్తున్నారో తెలుసుకొనే హక్కు పిల్లలకు ఉందా అన్న ప్రశ్న ఐజాక్స్ అనంతర కాలంలో ప్రాముఖ్యం పొందింది. తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కును 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పిల్లలకు గుర్తించింది. దరిమిలా శిశువిద్యాలయాలలో పనిచేసే పరిశోధకులు పలువురు తమ పుస్తకాన్ని పిల్లలకు చూపి, అందులో వ్రాసినది చదివి వినిపించి, వద్దన్న మాటను తొలగించే పద్ధతిని అనుసరించసాగారు. పేరు మార్చడం బిడ్డను ఇతరుల దృష్టి నుండి కాపాడుతుంది. వ్రాసినది వినిపించడం ఆ బిడ్డకు తన మాటపై అధికారాన్ని ఇస్తుంది.